కత్తి పట్టని సిపాయి

కింద రాజీవ్ రహదారి మీద కరీంనగర్ బస్సుల హారన్లు. పైన హకీంపేట విమానాల మోత. ఆ రెండింటి మధ్య మూడో అంతస్తులో ఉంటుంది తూంకుంటలోని మా అక్క వాళ్ల ఫ్లాటు. మొన్నొక శనివారం సాయంత్రం నేను వెళ్లేసరికి హాల్లో యుద్ధం నడుస్తోంది. కంగారు పడకండి, టీవీలోనే! తొమ్మిదో తరగతి చదువుతున్న అక్క కూతురు చిన్ని, వాళ్ల బాబాయి అమెరికా నుంచి తెచ్చిన వీడియో గేము ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఒక వైపు సోఫాలో వాళ్ల నానమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

వీడియో గేమంటే వేళ్లు విరిగేలా బటన్లు నొక్కడమే అనుకునేదాన్ని. చిన్ని మాత్రం పది నిమిషాలైనా ఒక్క బటనూ నొక్కదే! తెర మీద చదరంగం గడుల్లాంటి గడులు. వాటిలో అక్కడక్కడా మనవాళ్లు, అటువైపు శత్రువులు. అందరూ నిలబడే ఉన్నారు, ఎవరూ కదలడం లేదు.

‘‘కరెంటు పోయి వచ్చిందా ఏంటే?’’ అన్నాను.

‘‘కాదు చిన్నమ్మా, ఆలోచిస్తున్న. మెర్సిడెస్ ఒక్కతే ఉంది. దెబ్బలు ఇద్దరికి తగిలినయ్. ఒక్కరికే నయం చేస్తది. ఎవరికి చేయాలె?’’

ఆ ఇద్దరూ ఎవరంటే... ఒకడు డెడ్యూ. నిలువెత్తు మనిషి, ఒంటినిండా ఇనుప కవచం. అతడి ప్రాణశక్తి నలభై. దెబ్బలు తిని తిని పద్దెనిమిదికి వచ్చేశాడు. రెండోవాడు యాష్. బక్కపల్చటి విలుకాడు. ఇరవై రెండుకు పదిహేను మిగిలింది. లెక్క తేలికే కదా, ఇరవై రెండు పోగొట్టుకున్నవాడికి ముందు మందెయ్యాలి, ఏడు పోగొట్టుకున్నవాడు ఆగొచ్చు. నేనదే చెప్పాను.

అప్పుడే లోపల్నుంచి వచ్చింది అక్క. జడ ముడేసుకుంటూ, నోట్లో పిన్నుతో. నగరంలో ఒక ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. ఆ వారం నైట్ డ్యూటీ. వ్యాను రావడానికి ఇంకో అరగంట ఉంది. ఆట గురించి ఆమెకు ఓనమాలు తెలియవు. తెర వైపు ఒక్క చూపు చూసి, పిన్ను తీసి, ఒకటే ప్రశ్న వేసింది.

‘‘ఇంకో దెబ్బ పడితే ఎవరు పోతరు?’’

చిన్ని లెక్క చూసింది. డెడ్యూ ఎదురుగా ఉన్న శత్రువు కొడితే ఆ కవచం మీద పోయేది ఆరు. యాష్ మీదకొచ్చే గుర్రపు రౌతు కొడితే పోయేది పదహారు. యాష్ దగ్గర ఉన్నది పదిహేను.

‘‘యాష్.’’

‘‘మరింకేం ఆలోచన? ఎక్కువ నెత్తురు కారినోళ్లకే ముందు చూడాలె అనుకుంటరు అందరు. మా క్యాజువాలిటీల గూడ అంతే. లొల్లి చేసేటోణ్ని ఇంకాసేపు ఆపొచ్చు. సప్పుడు చేయకుండ కూసున్నోని కాడికి ముందు పోవాలె.’’

పద్దెనిమిదేళ్ల సర్వీసులో నేర్చుకున్నది ఒక్క ముక్కలో చెప్పేసి, అక్క టిఫిన్ డబ్బా సర్దుకోవడానికి వంటింట్లోకి వెళ్లింది. నేను మాత్రం ఆ తెర ముందు నుంచి కదల్లేకపోయాను. చంపడం మీద నడిచే ఆటలో, చంపకుండా తిరిగే ఆ పిల్ల ఎవరో తెలుసుకోవాలనిపించింది.

ఒకసారి పోతే పోయినట్టే

చిన్ని ఆడుతున్నది ‘ఫైర్ ఎంబ్లమ్: త్రీ హౌసెస్’. 2019లో వచ్చింది. ఈ వరస మాత్రం పాతదే. జపాన్‌లో ఇంటెలిజెంట్ సిస్టమ్స్ అనే సంస్థ తయారు చేయగా, నింటెండో 1990లో మొదటి ఆట విడుదల చేసింది. షోజో కాగా అనే ఆయన దానికి రూపకర్త. జపాన్ దాటి బయటి దేశాలకు రావడానికి 2003 దాకా పట్టింది. చదరంగంలాగే మీ వంతు, శత్రువు వంతు. కాకపోతే ఇందులో పావులకు పేర్లుంటాయి, అమ్మానాన్నలుంటారు, అలకలూ స్నేహాలూ ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యమైన తేడా ఇంకొకటుంది. యుద్ధంలో చచ్చిపోయిన మనిషి ఆట ముగిసేదాకా మళ్లీ కనిపించడు. తర్వాతి యుద్ధంలో అతడి చోటు ఖాళీ.

ఇంత కఠినమైన నియమం పెట్టాక, గాయాలు మాన్పేవాళ్లకు విలువ ఎంత పెరుగుతుందో మీరే ఊహించండి. క్లెరిక్, ప్రీస్ట్, ట్రూబడోర్, బిషప్... ఆటను బట్టి పేర్లు మారతాయి. తెల్లటి దుస్తులు, చేతిలో కత్తికి బదులు ఒక దండం. దాన్ని ఎత్తితే పక్క గడిలో ఉన్నవాడి గాయం మానుతుంది. చాలా ఆటల్లో తొలిదశలో వీళ్లకు ఆయుధమే ఉండదు. ఎవరైనా మీద పడితే తిరిగి ఒక్క దెబ్బ కూడా కొట్టలేరు. ఒళ్లు సున్నితం, రెండు దెబ్బలకే పోతారు. అందుకే ఆట వచ్చినవాళ్లెవరైనా ముందు వీళ్లను మధ్యలో పెట్టుకుని, చుట్టూ కవచాలవాళ్లను నిలబెట్టి, ఆ తర్వాతే యుద్ధానికి కదులుతారు. చదరంగంలో రాజును కాపాడుకుంటాం కదా. ఇక్కడ రాజు తనను తాను కాపాడుకోగలడు, కత్తి ఉంటుంది. కాపాడుకోవాల్సింది ఈ పిల్లని.

మొదటి ఆటలోనే లీనా అని ఒక క్లెరిక్ వస్తుంది. దొంగల చెరలో ఉన్న ఆమెను, ఆ దొంగల్లోనే ఒకడైన జూలియన్ తప్పించి తీసుకొస్తాడు. కత్తి లేని మనిషి కోసం కత్తి ఉన్నవాడు ముఠానే వదిలేశాడన్నమాట. ఆ తర్వాత వచ్చిన ఆటలన్నిటిలోనూ ఈ జాడ కనిపిస్తూనే ఉంటుంది. ‘త్రీ హౌసెస్’లో అయితే లిన్‌హార్ట్ అనే కుర్రాడున్నాడు. వైద్యంలో దిట్ట, కానీ నెత్తురు చూస్తే కళ్లు తిరుగుతాయి! ఈ మాట విని అక్క వంటింట్లోంచే నవ్వింది. ట్రైనింగులో మొదటి వారం తన పక్కన నిలబడ్డ అమ్మాయి డ్రెస్సింగ్ ట్రేతో సహా ఎలా కింద పడిందో చెప్పింది. ఆ అమ్మాయే ఇప్పుడు ఆపరేషన్ థియేటర్ ఇన్‌ఛార్జి అట.

నయం చేస్తే మార్కులెన్ని?

ఈ ఆట తయారుచేసినవాళ్లను ముప్ఫై ఏళ్లకు పైగా వదలని చిక్కు ఒకటుంది. కత్తితో పొడిచినవాడికి ‘అనుభవం’ కింద పాయింట్లు వస్తాయి. వందకు చేరితే బలం పెరుగుతుంది. బాగానే ఉంది. మరి గాయం మాన్పినవాళ్లకు ఏమివ్వాలి? వాళ్ల దగ్గర ఏం తీసుకోవాలి? ప్రాణం పోయడం మరీ చవకైతే ఆటలో భయం ఉండదు. మరీ ఖరీదైతే ఎవరూ వాడరు. ఒక్కో ఆటలో ఒక్కో రేటు పెట్టి చూశారు. అవన్నీ చిన్ని నోట విన్నాక, ఇంటికెళ్లి నేనూ కొంత చదివాను. నాకు ఆటకంటే ఈ రేట్ల పట్టికే ఎక్కువ నచ్చింది.

1990 నాటి మొదటి ఆటలో నయం చేసినందుకు వచ్చే అనుభవం అక్షరాలా సున్నా. వందమందిని బతికించినా లీనా ఎదగదు. మరెలా ఎదుగుతుంది? శత్రువు ఆమెను కొట్టాలి. ఆ దెబ్బ తిని బతికితే అప్పుడు అనుభవం వస్తుంది! దాంతో ఆడేవాళ్లు బలహీనమైన శత్రువును చూసి మరీ, పాపం ఆ పిల్లను వాడికి ఎదురుగా నిలబెట్టేవాళ్లు. దెబ్బలు తింటే తప్ప ప్రమోషన్ లేని ఉద్యోగం. తర్వాతి ఆటల్లో ఆ తప్పు సరిదిద్దారు, దండం ఎత్తిన ప్రతిసారీ ఎంతో కొంత అనుభవం ఇచ్చారు.

1992లో వచ్చిన ‘గైడెన్’ అనే రెండో ఆటలో ఇంకో రకం లెక్క. అక్కడ మంత్రం వేయాలంటే తన ప్రాణశక్తిలోంచే కొంత ఖర్చు పెట్టాలి. ఎదుటివాడి గాయం మాన్పితే తన ఒంట్లో కొంత తగ్గుతుంది. తన దగ్గర మిగిలింది మరీ తక్కువైతే ఇక ఎవరికీ ఏమీ చేయలేదు. ఈ ఆటనే 2017లో ‘ఎకోస్’ పేరుతో మళ్లీ తీశారు. హంగులన్నీ మార్చారు గానీ ఈ నియమం జోలికి పోలేదు.

దండాలూ శాశ్వతం కావు. 2003 నాటి ఆటలో మామూలు ‘హీల్’ దండం ముప్ఫైసార్లు వాడితే విరిగిపోతుంది. గీరుకున్న మోచేతికి ఒకటి, గీసుకున్న మోకాలికి ఒకటి అంటూ ఖర్చు పెట్టేశారా, అసలు సమయానికి చేతిలో కట్టె కూడా ఉండదు. ఇంటి మందుల డబ్బా సంగతి తెలిసిన తల్లులకు ఈ బాధ విడమరచి చెప్పక్కర్లేదు.

అన్నిటిలోకీ నన్ను ఆపేసింది 1999లో వచ్చిన ‘థ్రేసియా 776’. ఇందులో అలసట లెక్క ఉంది. యుద్ధంలో చేసే ప్రతి పనికీ మనిషి ఖాతాలో అలసట పడుతుంది. కత్తి దూస్తే కొంచెం, దండం ఎత్తితే దాని స్థాయిని బట్టి ఇంకా ఎక్కువ. ఆ అలసట ఆమె మొత్తం ప్రాణశక్తిని దాటిందా, తర్వాతి యుద్ధానికి రానివ్వరు. శిబిరంలో పడుకోవాల్సిందే. సేనాపతి ఎంత మొత్తుకున్నా అంతే. అంటే, మంచి వైద్యురాలు ఉంది కదా అని అన్ని భారాలూ ఆమె మీదే వేస్తే, అసలైన పెద్ద యుద్ధం నాడు ఆమె ఉండదు. మందైతే ఒకటుంది, తాగిస్తే అలసట పోతుంది. కానీ అది అరుదు.

‘‘అమ్మా, విన్నవా? అలసిపోతే తర్వాతి చాప్టర్‌కు సెలవంట!’’ అని చిన్ని కేకేసింది.

అక్క గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నవ్వలేదు. ‘‘మా వార్డుల తర్వాతి చాప్టర్ గూడ అలసినోళ్లదే’’ అంది. ఆ వారంలో రెండుసార్లు ఇంకొకరు రాలేదని పగలు కూడా ఉండిపోయిందని నాకు తర్వాత తెలిసింది.

గుర్రమెక్కి వచ్చే వైద్యం

ఈ ఆటల్లో ట్రూబడోర్ అని ఒక తరగతి ఉంది. నిజానికి ఆ మాటకు పాతకాలపు ఫ్రాన్సులో పాటలు కట్టి పాడేవాళ్లని అర్థం. ఆటలో మాత్రం గుర్రం మీద తిరిగే వైద్యులు. నడిచే క్లెరిక్ ఐదు గడులు వెళ్లేలోపు వీళ్లు ఏడు గడులు దాటి వాలతారు. 2003 ఆటలో ప్రిసిల్లా ఇలాంటి పిల్లే. అంత వేగం చేతిలో ఉందని కొత్తగా ఆడేవాళ్లు ఆమెను ఎప్పుడూ సైన్యం వెనకాలే నిలబెడతారట. అది పొరపాటు, అంటుంది చిన్ని. వెనకాల ఉంటే రెండు కొసల్లో ఏ కొసకూ సమయానికి అందదు. యుద్ధం ఎక్కడ జరుగుతోందో అక్కడ కాదు, రెండు చోట్లకూ చేరగలిగే చోట నిలబెట్టాలి. గాయం తగలక ముందే ఆమె ఎక్కడ ఉండాలో తేల్చుకోవాలి. గాయం తగిలాక తేల్చుకునేదేమీ మిగలదు.

ఈ మాట అంటున్నప్పుడు నాకు ఆ ఇంటికి దగ్గర్లోనే ఉన్న దేవరయాంజాల్ గుర్తొచ్చింది. ఇక్కడివాళ్లకు తెలిసిందే, 108 అంబులెన్సుల్ని నడిపించే ఈఎంఆర్ఐ కేంద్రం అక్కడే వెలసింది. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన సేవ అది. సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు దాన్ని ప్రారంభించారు. 2009లో సత్యం కుప్పకూలినా 108 ఆగలేదు. జీవీకే సంస్థ చేతుల్లోకి వెళ్లింది. అంతకు ముందు అంబులెన్సు అంటే ఆస్పత్రి ఆవరణలో, చెట్టు కింద ఉండేది. ఫోను చేస్తే అక్కడి నుంచి బయల్దేరి, మన దగ్గరికొచ్చి, మళ్లీ అంత దూరమూ వెనక్కి వెళ్లాలి. 108 వచ్చాక బండిని ఆస్పత్రి దగ్గర కాకుండా కూడళ్ల దగ్గర, రహదారుల పక్కన నిలపడం మొదలుపెట్టారు. పిలుపులు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూసి, ఎటు పిలిచినా త్వరగా చేరేలా. ప్రమాదం జరిగిన తొలి గంట ఎంత విలువైనదో ‘గోల్డెన్ అవర్’ అనే మాట జనం నోట నానడంతోనే తెలిసొచ్చింది. చిన్ని ప్రిసిల్లాను నిలబెట్టే చోటు, రహదారి పక్కన 108 నిలబడే చోటు... లెక్క ఒకటే.

ఆ బండిలో నడిపేవాణ్ని పైలట్ అంటారు. పక్కన ఈఎంటీ అని, అత్యవసర వైద్యంలో శిక్షణ పొందిన మనిషి ఉంటాడు. ఏదైనా చిక్కు వస్తే అతడు కేంద్రంలో కూర్చున్న డాక్టరుకు ఫోను కలుపుతాడు. డాక్టరు అక్కడి నుంచే చెబుతాడు, ఇతడు ఇక్కడ చేస్తాడు. ఆటలోనూ అలాంటి దండం ఉంది, పేరు ‘ఫిజిక్’. పక్క గడిలో ఉండనక్కర్లేదు, దూరం నుంచే నయం చేస్తుంది. కాకపోతే ఎంత దూరం అనేది ఆమె విద్యను బట్టి ఉంటుంది. ఇంకోటి ‘రెస్క్యూ’. ప్రమాదంలో ఉన్నవాణ్ని లాగి తన పక్కకు తెచ్చేసుకుంటుంది. రోడ్డు మీద ట్రాఫిక్ లేకపోతే అంబులెన్సు కూడా అంతే కదా!

మరొకటి కూడా చెప్పి ముందుకెళతాను. ‘బ్యారియర్’ అనే దండం గాయాన్ని మాన్పదు. గాయం తగలక ముందే వాడితే, మంత్రపు దెబ్బల్ని తట్టుకునే శక్తిని ఏడు పెంచుతుంది. ప్రతి వంతుకూ ఒకటి చొప్పున అది తరిగిపోతుంది. మళ్లీ వేయించుకోవాలి. టీకా, దాని బూస్టరు కథే ఇది. ఆ మాట తూంకుంటలో కూర్చుని అనుకోవడం తమాషాగా అనిపించింది. ఇటు మేడ్చల్ దారిలోనే శాంతా బయోటెక్నిక్స్ 1997లో కామెర్ల రకమైన హెపటైటిస్-బికి ‘శాన్‌వాక్-బి’ టీకా తెచ్చింది. విదేశీ టీకా ధర చూసి గుడ్లు తేలేసిన రోజుల్లో వరప్రసాదరెడ్డి దాన్ని సామాన్యుడికి అందే ధరకు ఇచ్చారు. అటు శామీర్‌పేట దాటగానే జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ ఉంది. 2021 జనవరిలో అత్యవసర అనుమతి వచ్చిన కొవాగ్జిన్ అక్కడిదే. ఇంత పని జరిగినా టీకా వేయించుకుని బతికినవాడికి తాను బతికినట్టే తెలియదు. ఆటలో బ్యారియర్ దండం కూడా ఎక్కువమంది వాడరని చిన్ని చెప్పింది. కొట్టినట్టు కనిపించదు, మాన్పినట్టూ కనిపించదు మరి.

మందిచ్చేవాళ్లకు మందెవరిస్తారు?

ఇంతసేపూ చిక్కుడుకాయలు ఒలుస్తున్న నానమ్మ అప్పుడు అడిగింది. ‘‘అందరికి నయం జేస్తది సరే, ఆ పిల్లకు దెబ్బ తగిల్తె ఎవరు జేస్తరు బిడ్డా?’’

అసలైన ప్రశ్న! ఫైర్ ఎంబ్లమ్ పాత ఆటల్లో క్లెరిక్ తన దండాన్ని తన మీదే వాడుకోలేదు. ఎదుటివాడికి మాత్రమే. అందుకని ఆడేవాళ్లు ఎప్పుడూ ఇద్దరిని వెంట తీసుకెళతారు. ఒకరికి తగిలితే ఇంకొకరు. ‘త్రీ హౌసెస్’లో మెర్సిడెస్‌కు మాత్రం ఒక వరం ఇచ్చారు. మంత్రంతో ఎవరికి ఎంత నయం చేస్తే ఆమెకూ అంత నయమవుతుంది. సేవ చేస్తే ఆరోగ్యం పెరుగుతుందన్నమాట. అక్క ఆ మాట విని ‘‘గిదెవరో డ్యూటీ ఎక్కనోళ్లు రాసిన్రు’’ అని తీర్పు చెప్పేసింది.

నానమ్మ మాత్రం ‘‘ఇద్దరు ఉండాలె’’ అన్న ముక్క దగ్గరే ఆగింది. ‘‘మన శుక్రాచార్యులు కథ గూడ గదే గద’’ అంటూ మొదలుపెట్టింది. చిన్ని కంట్రోలర్ పక్కన పెట్టేసింది.

ఆంధ్ర మహాభారతం ఆదిపర్వంలో నన్నయ చెప్పిన కచ దేవయానుల కథ ఇది. మనలో చాలామంది దీన్ని ప్రేమకథగా గుర్తు పెట్టుకున్నాం. ఆ సాయంత్రం మొదటిసారి నాకది యుద్ధ వ్యూహం కథలా వినిపించింది. దేవతలకూ రాక్షసులకూ యుద్ధం. బలం ఇద్దరికీ ఉంది. కానీ రాక్షసుల గురువు శుక్రుడికి మృతసంజీవని తెలుసు. పొద్దున చచ్చిన రాక్షసుడు లేచి నిలబడతాడు. దేవతల గురువు బృహస్పతికి ఆ విద్య లేదు. ఇక యుద్ధం ఎక్కడిది? ఎన్నాళ్లు కొట్టుకున్నా తరిగేది ఒక పక్షమే. అప్పుడు దేవతలు కొత్త ఆయుధం కోసం వెతకలేదు. బృహస్పతి కొడుకు కచుణ్ని శిష్యుడిగా శత్రువు ఇంటికే పంపారు. వైద్యం నేర్చుకుని రమ్మని!

సంగతి కనిపెట్టిన రాక్షసులు కచుణ్ని చంపారు. దేవయాని ఏడిస్తే శుక్రుడు బతికించాడు. చివరికి వాళ్లు అతణ్ని కాల్చి, ఆ బూడిదను కల్లులో కలిపి శుక్రుడి చేతే తాగించారు. ఎంత పన్నాగం చూడండి. ఇప్పుడు కచుణ్ని బతికిస్తే గురువు పొట్ట చీలి చావాలి. గురువు బతికితే కచుడు లేడు. వైద్యుడి కడుపులోనే రోగిని పెట్టేశారు. శుక్రుడు అక్కడ ఆలోచించిన తీరే నాకు గొప్పగా తోస్తుంది. కడుపులో ఉన్న కచుడికి ఆ విద్య నేర్పాడు. కచుడు పొట్ట చీల్చుకుని బయటికొచ్చి, నేల మీద పడి ఉన్న గురువును అదే విద్యతో లేపాడు. సంజీవని తెలిసిన ఏకైక మనిషి, తనకు దెబ్బ తగిలినప్పుడు బతకాలంటే, తనకు తెలిసింది ఇంకొకరికి చెప్పక తప్పలేదు.

‘‘మల్ల వాపస్ పోంగ దేవయాని శాపం పెట్టింది. ఆ విద్య నీకు పనికి రాదు పో అని’’ అంది నానమ్మ. ‘‘ఆయనేమన్నడు? నాకు పనికి రాకున్నా, నేను నేర్పినోళ్లకు పనికొస్తది గద అన్నడు.’’

‘‘అంటే కచుడు దండం ఎత్తలేని టీచర్’’ అంది చిన్ని.

భారతంలోనే ఇంకోచోట, శరతల్పం మీద ఉన్న భీష్ముడి దగ్గరికి బాణాలు తీసే వైద్యుల్ని దుర్యోధనుడు పంపితే, ఆయన వాళ్లకు బహుమానాలిచ్చి వెనక్కి పంపించమంటాడు. వైద్యం చేయించుకోకపోయినా వైద్యుల మర్యాద తప్పలేదు. చికిత్స ఫలించలేదని క్యాజువాలిటీ అద్దాలు పగలగొట్టే వార్తలు రాసే ఉద్యోగంలో ఉన్నదాన్ని కాబట్టి, ఈ సన్నివేశం నాకు తరచూ గుర్తొస్తుంటుంది.

ఓం అనే దండం

చచ్చినవాళ్లను లేపే విద్య ఆ జపాన్ ఆటలోనూ ఉంది. మొదటి ఆటలోనే ఉంది. ఆ దండం పేరేమిటో చెబితే మీరు నమ్మరు... ‘ఓం’! మన ఓంకారమే. కథానాయకుడు మార్త్ అక్క ఎలిస్ తప్ప ఇంకెవరూ దాన్ని వాడలేరు. అందుకే గార్నెఫ్ అనే మాంత్రికుడు ఆమెను ఎత్తుకుపోయి దాచేస్తాడు. యుద్ధం ఇంచుమించు చివరికొచ్చాక గానీ ఆమె దొరకదు. అదీ ఒకే ఒక్కసారి, ఒకే ఒక్కరి కోసం. అంతవరకూ మీరు పోగొట్టుకున్నవాళ్లంతా వరసగా కళ్లముందు నిలబడతారు, ఎవరిని పిలుస్తారో మీ ఇష్టం. 1996లో వచ్చిన ఆటలోనూ వాల్‌కిరీ అని ఇలాంటి దండమే ఉంది. దాన్ని పట్టాలంటే ఒక వంశం రక్తం ఉండాలి. ఒకసారి వాడాక మళ్లీ బాగుచేయించాలంటే బోలెడు బంగారం పోయాలి.

కాలం మారింది, ఆటలూ మెత్తబడ్డాయి. 2010 నుంచి ‘క్యాజువల్’ అనే పద్ధతి పెట్టారు. అందులో పోయినవాళ్లు తర్వాతి యుద్ధానికి మామూలుగా లేచి వచ్చేస్తారు. ‘త్రీ హౌసెస్’లో అయితే కాలాన్ని కొన్నిసార్లు వెనక్కి తిప్పుకోవచ్చు కూడా. పాతకాలం ఆటగాళ్లు దీనికి ముఖం చిట్లిస్తారు గానీ, బడి నుంచి వచ్చి గంటసేపు ఆడుకునే పిల్లలకు ఇది వెసులుబాటే. తప్పు పట్టాలని నాకైతే లేదు.

చిన్ని ఆ పద్ధతి పెట్టుకోలేదు. ఎందుకని అడిగాను.

‘‘అట్ల పెట్టుకుంటే మెర్సిడెస్‌తోని పనేముంది చిన్నమ్మా? ఎవరికేమైనా మళ్లా వస్తరు గద. ఆమెను ఊకె కూసోబెట్టి నేను కూడ చూడకుండ గెలుస్త.’’

2020లో చిన్ని మూడో నాలుగో తరగతి. అక్క నెలల తరబడి డ్యూటీ నుంచి వచ్చి వెనక గదిలోనే ఉండేది. తలుపు బయట స్టూలు మీద కంచం పెట్టి, చిన్ని రెండడుగులు వెనక్కి జరిగి నిలబడేదట. ఆ రోజుల గురించి ఆ ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడరు. నేనూ అడగలేదు.

కింద హారన్ మోగింది. ఆస్పత్రి వ్యాను. అక్క చెప్పులేసుకుని, చిన్ని తల మీద ఒక మొట్టికాయ వేసి, ‘‘తొమ్మిదికల్లా బంద్ చెయ్యాలె’’ అంటూ మెట్లు దిగింది. చిన్ని కంట్రోలర్ అందుకుంది. మెర్సిడెస్‌ను యాష్ పక్కకు నడిపించింది. పదిహేను కాస్తా నిండుగా ఇరవై రెండైంది. తర్వాత డెడ్యూను రెండు గడులు పక్కకు జరిపి మెర్సిడెస్‌కు అడ్డంగా నిలబెట్టింది. ఇక ‘వంతు ముగించు’ అనే బటను నొక్కడమే తరువాయి.

నొక్కబోయి ఆగింది. వంటింటి గట్టు వైపు చూసింది. టిఫిన్ డబ్బా అక్కడే ఉంది.

‘‘అమ్మా!’’ అని అరుస్తూ డబ్బా చంకలో పెట్టుకుని, చెప్పుల్లేకుండానే మూడంతస్తులూ దిగి పరుగెత్తింది. మెట్ల మీద ఆ చప్పుడు కింది దాకా వినిపిస్తూనే ఉంది. టీవీలో శత్రువుల వంతు ఇంకా మొదలు కాలేదు.